ఓటమి లేని సీజను

1978. బందరు మహిళా ఫుట్‌బాల్ క్లబ్బుకి మర్నాడు సన్మానం. సెక్రటరీ తన ఇంటి అరుగు మీద షీల్డు తుడుస్తుండగా, జట్టు కెప్టెన్ వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"రేపు జెర్సీలొద్దమ్మా, అందరూ తెల్లచీరలు కట్టుకురండి. సీజనంతా ఓటమి లేని జట్టని మైకులో చెప్పిస్తాను."

"ఆడితే కదండీ ఓడిపోవడానికి."

"మన లీగులో ఉన్నదే రెండు జట్లు. గుడివాడవాళ్ళు ప్రతిసారీ రాకపోతే మన తప్పా? రానివాళ్ళు ఓడినట్టే. రూలు అది."

"మొన్న గుడివాడలో పెళ్ళికెళ్తే వాళ్ళ కెప్టెన్ కనిపించిందండీ. వాళ్ళదీ ఓటమి లేని జట్టేనట. ప్రతిసారీ బందరువాళ్ళే రాలేదని వాళ్ళ సెక్రటరీ గారు చెప్పారట."

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"ఆయన నాకు వరసకి బావ అవుతాడులే."

"అదీ చెప్పిందండీ."

"అది కాదమ్మా. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని పక్కూరెళ్తే మీ నాన్నలే ఒప్పుకోరు. పైగా ఆడితే ఎవరో ఒకరు ఓడి ఏడుస్తారు. ఇప్పుడు చూడు, రెండూళ్ళకీ పేరొచ్చింది. ఎవరూ నొచ్చుకోలేదు."

"ఏడాదంతా తెల్లారకుండా లేచి ప్రాక్టీసు చేసింది మేమండీ."

"సరే, వచ్చే ఏడు చూద్దాం. రేపు పెద్దలందరి ముందూ ఈ మాటెత్తకు."

"తీరికెక్కడుంటుందండీ. గుడివాడ జట్టు పొద్దుటి రైలుకి దిగుతోంది. పెద్దలంతా ముందు గ్రౌండుకే రావాలని మా నాన్న ఇంటింటికీ చెప్పొచ్చారు."

"మీ నాన్నా?"

"ఆయనేనండీ."

"మరి ఓడిపోతే ఈ షీల్డేం చెయ్యను?"

"బాగా తుడిచి పట్టుకురండి. వాళ్ళ షీల్డూ తెమ్మన్నాం. గెలిచినవాళ్ళు రెండూ తీసుకెళ్తారు."