ఉలన్ ఆవు, ఎండుమిరపకాయలు

కాదు ముత్యాలత్తా, నువ్వే సెప్పు. మొన్నటిదాకా గరగరా నడస్తాండిన అల్లిక మిషను ఉన్నట్టుండి యాల మొరాయించల్ల? సూదులమీద జరిపే క్యారేజీ ఈ పక్కనుంచి ఆ పక్కకు తోస్తే సాలు, సూదులన్నీ దారం ఇడ్సేస్తాండాయి. అల్లిన గుడ్డంతా జారి నా ఒళ్లో పడతాండాది. దిష్టి గాకుంటే ఇంగేంది?

మిషనంతా మోసుకోని రాలేను గదా. అందుకే ఈ క్యారేజీ ఒకటి ఊడబీకి టవాల్లో సుట్టుకోనొస్తి. దీనికి దిష్టి తీసెయ్యి.

నగద్దత్తా! కొత్త ట్రాక్టరుకు తీస్తావు, ఈనిన ఆవుకు తీస్తావు, బోరుమోటారుకు గూడా తీసినావు. నా అల్లిక మిషనుకు తీస్తే నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా?

ఓ, మిరపకాయలు చేతికి తీసుకుంటివా. అయితే ఇంగ నోరు తెరవవు. తెలుసులే నీ పద్ధతి. మిరపకాయలు పట్టుకున్నప్పటినుంచి, బూడిద మూడుదోవల కాడ పోసొచ్చి కాళ్లు కడుక్కునేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాదు. మంచిదే. నేను సెప్తా, నువ్వు ఇను. ఔనంటే తలకాయ ఊపు సాలు.

ఆ సంచా? ఏమీ ల్యాదు. టమాటాలు. నువ్వు ముందు క్యారేజీ సంగతి సూడు.

ఎవురి దిష్టో నేను సెప్పల్లనా? ఈదంతా తెలుసు. మా తోడికోడలు, మా మరిది పెండ్లాం, కుమారి. ఇంగెవురు?

కుప్పం నుంచి మన పుంగనూరికి కోడలై వచ్చినప్పుడు ఆమెకు ఉలన్ దారమంటే ఏందో తెలుసునా? మాట్లాడితే సగం అరవం. నా మిషను ముందర గొంతుక్కూర్చోని, నోరు తెరుసుకోని సూస్తాండె. పోనీలే, మనింటి పిల్లే గదా అని పక్కన కూర్చోబెట్టుకోని నేర్పిస్తి. సూదులు ఎట్ల ముందుకు తొయ్యల్ల, దారం ఎంత బిగువుగా పెట్టల్ల, గుడ్డ కిందికి గుంజేదానికి బరువులు యాడ తగిలించల్ల, అన్నీ నేనే. నేర్చుకునె. తనూ ఒక పాత మిషను తెప్పించుకునె. ఇంగ సూడు!

నేను ముందర మంకీక్యాపులు అల్లుతాంటిని, నీకు గుర్తుండాది గదా. హార్స్‌లీ కొండకు వచ్చేవాళ్లు కొనుక్కోని పోయేవాళ్లు. సలికాలం అయిపోతే మంకీక్యాపు ఎవురికి కావల్ల? అందుకని బొమ్మలకు దిగితి. కుందేలు చేస్తి, ఎలుగుబంటి చేస్తి, ఏనుగు చేస్తి. ఆమీట ఒకనాడు అనుకుంటి, ఫోన్లు తెరిస్తే మనూరి పొట్టి ఆవే గదా, ఊరూరోళ్లు దాన్ని ఎత్తుకోని ముద్దు పెట్టుకుంటాండారు, మనమే యాల పుంగనూరు ఆవు అల్లగూడదు అని.

ఆ ఆలోచన నాదత్తా. నాది! ఈ మాట నువ్వన్నా గుర్తుపెట్టుకో.

ఎట్ల చేస్తిని అనుకున్నావు! తెల్ల ఉలన్‌తో బిగువుగా అల్లి, దిండ్లలో పెట్టే దూది కూరి కూరి నింపితి. నాలుగు కాళ్ల మీద నిలబెడితే ఫ్యాను గాలికి గూడా కదలదు. కొమ్ములు రెండూ ఒకే ఎత్తు. తోక నేలకు తగిలీ తగలనట్టు. ఒక్క కుట్టు పైకి కనపడదు.

కుమారి చేసిన ఆవును సూసినావు గదా? మెడంతా వదులు. తలకాయ ఒక పక్కకు వాలిపోయుంటాది. ఒక చెవి పైన, ఒక చెవి కింద. కడుపు జారిపోయుంటాది. నేను అంటి, "ఏందే కుమారీ, దీనికేమన్నా రోగమా?" అని. నగె. "ల్యాదక్కా, ముత్యాలత్త ఆవు అట్లే గదా ఉంటాది. మనం పక్కన కూర్చుంటే భుజం మీద తలకాయ పెట్టేస్తాది" అనె.

ఏంది, తలకాయ ఊపుతాండావు? నిజమేనా? ఈడికొచ్చి కూర్చుంటాండెనా?

ఈ కొట్టంలోనా? ఆ పేడతట్ట సూపిస్తాండావు, పేడ గూడా ఎత్తిపోసిందా? సరిపోయె. ఇన్నాళ్లూ నాకు ఒక్క మాట సెప్పలేదే నువ్వు! నేను రోజూ నీ వాకిలి ముందరే పోతాంటా, నీ ఆవును ఒక్కనాడు తాకింది ల్యాదు. ఫోన్లో ఫోటో జూసి చేస్తిని. అయితే ఏమి? కొలతలు సరింగా వచ్చినాయి గదా, ఇంగేం కావల్ల?

ఏం కావల్లనో మదనపల్లెలో దేవేంద్ర సెప్పినాడులే. మా ఇద్దరి బొమ్మలూ ఆయన అంగడికే పోతాయి. మొన్న పోయి సూస్తే, నా ఆవులు పైన అరలో, కవర్లు తొడుక్కోని కూర్చోనుండాయి. కుమారివి గల్లాపెట్టె పక్కన, చేతికందేటట్టు. "ఏమప్పా, ఇదేం న్యాయం?" అంటి. "అమ్మా, మీది శానా నీటుగా ఉండాది, షోకేసుకు బో బాగుంటాది. బిడ్డలు ఎత్తుకునేది మాత్రం దీన్నమ్మా" అనె.

ఎత్తుకునేదంట! బస్సులో పుంగనూరు వచ్చేదాకా నా చెవుల్లో అదే మాట. పక్కసీటామె ఊరేదమ్మా అని అడిగితే, "ఎత్తుకునేదంట" అంటి నేను.

పోనీ, అంగడోడు ఏమన్నా అననీ. ఇంట్లో మాటేంది?

మా శ్వేత ఉండాది గదా, మా కొడుకు యశ్వంత్ కూతురు. పోయిన నెల పుట్టినరోజుకు నేనొక ఆవు ఇస్తి, దాని చిన్నవ్వ కుమారి ఒక ఆవు ఇచ్చె. నాది అటూ ఇటూ తిప్పి సూసి, "బాగుందవ్వా" అని తీసకపోయి టీవీ పక్కన నిలబెట్టె. కుమారిది భుజానేసుకునె. ఏసుకునింది ఏసుకున్నట్టే ఉండాది, ఇంగ దించలే. బువ్వకాడ అదే, ఆటకాడ అదే. దానికి బుజ్జులు అని పేరు గూడా పెట్టింది.

నాదాన్ని ఏమంటాదో తెలుసునా? "టీవీకాడి ఆవు."

ఆ బిడ్డకు నీళ్లు పోసేది నేను. సంగటి ముద్ద సల్లార్చి నోట్లో పెట్టేది నేను. కత సెప్పి నిద్రపుచ్చేది నేను. పండుకునేది గూడా నా పక్కలోనే. నా పక్కలో పండుకోని, నాకు వీపు తిప్పి, ఆ బుజ్జుల్ని కరుసుకోని నిద్రపోతాదత్తా! దాని తలకాయ బిడ్డ మెడమీద వాలిపోయుంటాది. ఆ మెడ వదులుగా ఉండేది అందుకే. నాకు అర్థం గాక కాదు. అర్థమయ్యే గదా మండేది.

సరే, కానీ, తిప్పు. ఇటు తిప్పినావు, అటు గూడా తిప్పు. ఉప్పు సాలునా? ఊఁ, ఎయ్యి నిప్పుల్లో.

నువ్వే గదా సెప్తావు, దిష్టి తగిలుంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదని. సూడు, ఎట్ల గమ్మున కాల్తాండాయో. కుమారి కండ్లు అట్లాంటివి. నేను సెప్పలే? పైకి నగుతాంటాది గానీ లోపల...

అబ్బ! అమ్మా! కండ్లు! నీళ్లియ్యత్తా, నీళ్లు! గొంతంతా పట్టేసె. ఆవు గూడా తుమ్మతాండాది సూడు పాపం. ఆ తడిక తెరువు, పొగ పోనీ.

అయ్యో దేవుడా. ఇంత ఘాటా?

మిరపకాయలు కొత్తవా? పాతవే? బి.కొత్తకోట సంతలో తెచ్చినవేనా? నిన్న యాపారస్తుల బిడ్డకు తీసింది గూడా వీటితోనేనా? ఆ పొద్దు ఘాటు రాలేదా?

అంటే దీనికి దిష్టే ల్యాదన్నమాట.

తలకాయ ఊపితివా. సంతోషపడమంటావు. మంచిదే గదా అంటావు. కాదత్తా, ఇన్నేండ్లుగా అల్లుతాండా. ఎన్ని బొమ్మలు, ఎన్ని క్యాపులు పోయినాయి నా చేతిమీదుగా! వాటిని సూసి "అబ్బా, నా చేతికి గూడా ఇట్ల వస్తే" అని ఒక్కరికన్నా అనిపించలేదా? ఈ ఊర్లో మేకపిల్లకు తగుల్తాది దిష్టి, కాసిన సొరకాయకు తగుల్తాది. నా పనికి తగల్లేదా? కన్ను పడేంత గూడా ల్యాదా నేను?

అట్ల సూడద్దు. నువ్వు నోరు మూసుకున్నా నీ కండ్లు మూసుకోవు గదా. మరి మిషను యాల చెడిందంటావు. అంతే గదా?

చెడలే. దారం బిగువు తిప్పేసింది నేనే. నేను గూడా వదులుగా అల్లుదామని. మెడ వాలేటట్టు, కుమారి ఆవు మాదిరి. దారం వదులు చేస్తే కింద బరువులు గూడా మార్చల్ల. ఆ పిల్లకు నేర్పించింది నేనే, నేనే మర్చిపోతి. బిరీన అయిపోవల్లని తోస్తి. గుడ్డంతా జారి పడిపోయె.

అది పోనీలే అత్తా. ఇంగొక గుప్పెడు మిరపకాయలు తీసుకో.

సంచిలో టమాటాలు కాదు.

ఇదిగో. ఇదే బుజ్జులు. మెడకాడ సూడు, కుట్టు ఇడిసిపోయి దూది ఎట్ల బయటికొచ్చిందో. నేను కోయలే! ఒట్టు. నీ ఆవు మీద ఒట్టు. నా చెయ్యి దీనిమీద పడలేదు. పొద్దన శ్వేత దీన్ని భుజానేసుకోని వాకిట్లో తిరుగుతాండె. నేను గడపమీద కూర్చోని సూస్తాంటి. ఊరికే సూస్తాంటి, అంతే. సూస్తాంటే, సూస్తాంటే, ఎప్పుడు ఊడిపోతాదో ఈ పాడు ఆవు అనుకుంటి. అనుకున్నంతసేపు పట్టలే. చిటుక్కుమనె.

బిడ్డ ఏడ్పు సూడల్ల! నేను లేసి పోతి. "ఇటియ్యమ్మా, నేను కుడతా, క్షణంలో కుట్టేస్తా" అంటి. ఏమనిందో తెలుసునా? దాన్ని వీపెనక దాపెట్టుకోని, "నువ్వొద్దవ్వా. నువ్వు గట్టిగా కుడతావు. చిన్నవ్వ కుట్టల్ల" అనె.

నువ్వొద్దవ్వా!

బువ్వ తినకుండానే ఇస్కూలుకు పోయె. మంచం మీద దీన్ని పండబెట్టి, దుప్పటి కప్పి మరీ పోయె. నేను ఎత్తుకోనొచ్చినా. ఇస్కూలు ఇడిసేలోపల మళ్లీ ఆడ పెట్టేయల్ల. తీసెయ్యత్తా దీనికి. ఈ పొద్దు బొమ్మ మెడ ఇడిసె. రేపు ఏమన్నా అయితే? నేను సూసేది బొమ్మనే, నిజమే. అయితే బొమ్మను కరుసుకోనుండేది బిడ్డ గదా! నా కన్ను దీనిమీదే నిలబడతాదా? బిడ్డకు తగిలితే? అప్పుడు నేనెట్ల బతకల్ల?

తిప్పు. నిదానంగా తిప్పు. మెడకాడ బాగా తిప్పు.

ఎయ్యి.

కాల్తాండాయి.

నల్లగా అయిపోయినాయి గూడా. నీకు దగ్గు వస్తాండాదా? నాకూ రాలే. ఇందాక తుమ్మిన ఆవే గదా అది, గమ్మున నెమరేస్తాండాది. అవే మిరపకాయలు. అదే పొయ్యి.

ఎవురి కన్నని నువ్వు అడగలేవులే. నేనే సెప్తా. నాదే అత్తా. నా కండ్లే. ఈదిలోవాళ్లవి కాదు, వచ్చేపోయేవాళ్లవి కాదు, సొంత అవ్వ కండ్లు.

కుమారికి నా మీద కుళ్లు ల్యాదు. ఎప్పుడూ ల్యాదు. ఇంటికొస్తే నా ఆవును ఎత్తి సూసి, "ఉషక్కా, నీ మాదిరి కొమ్ములు నాకు సచ్చినా రావు" అంటాది. నగుతా అంటాది. ఆ నగువులో మిరపగింజంత మంట గూడా ఉండదు. ఉండింటే ఎంత బాగుండు! నేనూ ఒక మనిషినే అనుకునుందును.

సందకాడ ఫోన్ చేస్తాలే, వచ్చి కుట్టిపో అని. కుడతాది. నేను పక్కన నిలబడి సూదికి దారం ఎక్కించిస్తా. ఇంగేం చేయల్ల? బిడ్డకు బువ్వ దిగల్ల గదా.

లేస్తివా? బూడిదకా?

పో. నేను ఈడ నీ ఆవు పక్కన కూర్చోనుంటా. ఇదేందత్తా, నేను కూర్చున్నానో ల్యాదో, భుజం మీద తలకాయ పెట్టేసె! ఎంత బరువుండాది. ఎవురికైనా ఇట్లే పెడతాదా? కుమారికి పెట్టినట్టే నాకూ పెడతాదా? మరి అందులో ఆ పిల్ల గొప్పేముండాదంట?

ఊఁ, పోపో. బూడిద పోసొచ్చి కాళ్లు కడుక్కుంటే నీ నోరు ఇప్పుకుంటాది. అప్పుడు నన్ను ఏదో ఒకటి అనల్ల గదా నువ్వు. తొందరేమీ ల్యాదులే అత్తా. నిదానంగా పో. నిదానంగా రా.