బావ విమానానికి దారిచ్చిన ఆకాశం

హ్యాంగర్ గేటు పక్కనున్న టీ కొట్టు దగ్గర బావ నోరు విప్పాడంటే ఎదుటివాళ్ల చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ రోజు దొరికింది ఆయన మరదలు. తండ్రి వదిలి వెళ్లిన రెండు సీట్ల బుల్లి విమానాన్ని ఆమే నడుపుతోంది. మర్నాడు పొద్దున అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కొండలు దాటి వెళ్లాలి, దారంతా పెద్ద విమానాలు తిరిగే చోటు. కింద నుంచి రాడార్ అడిగితే "ఇదిగో, ఇక్కడున్నా" అని జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ డబ్బా ఒకటి బిగించాలి. కొత్తది కొనాలా, బావ తన విమానంలోంచి ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టిన పాతది తీసుకోవాలా అన్నదే ఆమె గుబులు. పక్కనే మెకానిక్ ఆమె మాట కోసం కాచుకుని ఉన్నాడు.

"కొత్తవన్నీ పై మెరుగులే మరదలా," అన్నాడు బావ. "దీన్ని నేనెలా ఎంచానో తెలుసా? కొట్లో ఉన్నవన్నీ చెవి దగ్గర పెట్టుకుని విన్నా. ఇదొక్కటే గుండెకాయలా కొట్టుకుంది. మీట కాస్త వదులుగా ఉందని అక్కడికక్కడే జిగురు పెట్టి అతికించా, ఇప్పటిదాకా వెంట్రుకవాసి కదిలితే ఒట్టు! అదే రోజు ఎగిరానా, రాడార్ గదిలో ఉన్నవాళ్లంతా కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు."

"గౌరవంతోనా?" అన్నాడు మెకానిక్.

"తెర మీద నా చుక్క అంతలా వెలిగిపోతుంటే కూర్చోబుద్ధవుతుందా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బులో దూరాను. కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. ఇంతలో మేడంత విమానం పక్కనుంచి రయ్యిమని పోయింది, నా రెక్క అదిరిపోయింది. నన్ను చూసి తప్పుకుంది మరి! దాని వెనక ఇంకోటి, దాని వెనక పది, అంబులెన్సుకి దారిచ్చినట్టు అన్నీ బారులు తీరి పక్కకి జరిగాయి!"

మరదలు టీ గ్లాసు పక్కన పెట్టేసి ముందుకు వంగింది. "నిజంగానా బావా?"

"ఇంకా విను. పైన ఉపగ్రహాలున్నాయే, అవి చేస్తున్న పని మానేసి నా వెంటపడ్డాయి. లోకంలో ఏ తెర చూసినా నేనే. పడబోతున్న వాన, ఈయన దిగాక కురుద్దాంలే అని ఆగింది. అస్తమించాల్సిన సూర్యుడు కొండ అంచున నిలబడి, నా చక్రాలు నేలకి తగిలాకే ఇంటికి పోయాడు. టవర్లో పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, 'ఇలాంటి జవాబు మా రాడార్ పుట్టి బుద్ధెరిగాక వినలేదయ్యా' అన్నాడు."

కోతలని తెలుసు, అయినా ఆమె మనసు అటే లాగింది. ఆకాశం మొత్తం పక్కకి జరిగి దారిస్తుంటే, అందులో అమ్మను తీసుకెళ్లడం ఎంత ధైర్యంగా ఉంటుంది! చెయ్యి దానంతటదే పాత డబ్బా మీదికి పోయింది. దాన్ని దగ్గరికి తీసుకుని మీట వైపు చూసింది. ఇంకోసారి చూసింది.

"బావా, ఎగరకముందే అతికించారా దీన్ని?"

"ఎగరకముందే! నా చేత్తోనే!"

"స్టాండ్‌బై దగ్గర అతికించారు. ఇక్కడుంటే ఇది మేలుకునే ఉంటుంది గానీ, ఎవరడిగినా పలకదు. ఇన్నాళ్లూ మీరు ఏ తెర మీదా లేరు."

మెకానిక్ పగలబడి నవ్వాడు. "మరి ఆ విమానాలన్నీ ఎవరికి దారిచ్చినట్టు సార్?"

బావ నవ్వలేదు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"సూర్యుడూ, ఉపగ్రహాలూ... అవి సరే మరదలా, కాస్త కలిపాను," అన్నాడు మెల్లగా. "కానీ ఆ మొదటి విమానం నిజం. నా రెక్క అదిరింది కూడా నిజమే. నన్ను చూసే తప్పుకుందనుకున్నా."

మెకానిక్ నవ్వు ఆగిపోయింది. ముగ్గురూ తలెత్తి ఆకాశం వైపు చూశారు. అది చాలా పెద్దదిగా కనిపించింది. ఆయన ప్రాణాలతో ఎదురుగా కూర్చుని ఉన్నందుకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"కొత్తదే బిగించండి," అంది మెకానిక్‌తో. "ఒకటి కాదు, రెండు. ముందు మా బావ విమానానికి."