కోల్మన్ భుజం, మురిన్‌గారి సవరణ

1986 మార్చి 3, సోమవారం నాడు డబ్లిన్‌లోని మన ఐరిష్ నిఘంటు కార్యాలయంలో ప్రొబేషన్ మీద సహాయ సంపాదకురాలిగా చేరిన శ్రీమతి మురిన్ నీ లహార్తాగారు, ముప్ఫై ఎనిమిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, ప్రధాన సంపాదకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి ఏడాది ఆవిడకు అప్పగించిన పదం ‘గువలిన్’, అనగా భుజం. స్త్రీలింగం, రెండు భుజాలన్నా ఏకవచనంలోనే నిలిచే పదం. పూర్వం కర్తృస్థానంలో ‘గువల’ ఉండేది. ‘భుజం మీద’ వంటి ప్రయోగాలలో మాత్రమే వచ్చే ‘గువలిన్’ కాలక్రమాన దాని ఆసనాన్ని ఆక్రమించింది. పాత రూపం పడమటి తీరంలో ఇంకా బతికే ఉందని మురిన్‌గారి గట్టి నమ్మకం.

అవయవ పదాన్ని, దాన్ని వాడేవారి ఇంటికే వెళ్లి వినాలన్నది మన కార్యాలయ నియమం. ఆ వారం తుపాను. ఆవిడ ఆ తీరంలోని కోల్మన్ అనే వృద్ధ మత్స్యకారుణ్ణి వాళ్ల ఊరి పోస్టాఫీసు ఫోన్‌కు పిలిపించి, “మీరు ‘గువల’ అనే అంటారు కదండీ?” అని అడిగారు. ఆయన అవునన్నారు, పేజీ అచ్చయింది.

కొన్నాళ్లకు వేరే పదం కోసం ఆయన ఇంటికి వెళ్లారు. వల మోసుకొచ్చిన కోల్మన్‌గారు నొప్పెడుతున్న భుజాన్ని తిట్టిన తిట్లన్నింటిలోనూ కొత్త రూపమే వినబడింది.

“మరి ఆవేళ ఫోన్‌లో పాత మాటే అంటామన్నారు కదండీ?”

“మా తాత కూడా అన్లేదమ్మా. అంత చదువుకున్న పిల్లవి, పోస్టాఫీసులో అందరూ వింటుంటే నిన్ను కాదంటానా? బాగుండదు గదా! ఇంకో కప్పు టీ పొయ్యనా?”

ఉద్యోగం ఖాయం కావడానికి పన్నెండు రోజులే గడువు. నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మరునాడే ఆవిడ సంచాలకుల ఎదుట నిలబడ్డారు.

“ఆ పేజీ తప్పండీ. వెళ్లకుండానే రాశాను.”

“ప్రొబేషన్ ఇంకో ఏడాది పెంచాల్సొస్తుంది. ఆలోచించుకున్నావా?”

“పెంచండి. పేజీ మాత్రం మళ్లీ అచ్చేయించండి.”

రెండూ జరిగాయి. పక్క బల్ల దగ్గర కూర్చుని అంతా విన్న నాకు ఆనాడే ఆవిడ మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తరగలేదు. అటుపై ఫోన్‌లో వచ్చిన అవునును ఆవిడ ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. మమ్మల్నీ తీసుకోనివ్వలేదు, వానలో తడిపి మరీ తిప్పారు.

మురిన్‌గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ వ్యాసాన్ని నిన్న ఆవిడకు ఫోన్‌లో చదివి వినిపిస్తే “చాలా బాగుంది” అన్నారు. అందుకే రేపు ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని మళ్లీ చదువుతాను.