పదకొండు గుర్తుల కాయితం

కెంటకీ కొండల్లో, కోర్టు వీధి చివర హార్లన్ తుపాకుల కొట్టు. నవంబరు, శనివారం పొద్దున్న. కొట్టు తలుపు తీసిన పావుగంటకే ఎమ్మెట్ వచ్చి, ముప్పయ్యేళ్ళుగా కూర్చుంటున్న స్టూలు మీదే కూర్చున్నాడు. హార్లన్ మాత్రం స్నేహితుడి మొహం చూడకుండా, నిన్ననే తుడిచిన గాజు బల్లని మళ్ళీ తుడుస్తున్నాడు. కొట్టు వెనకే ఇల్లు, అతని భార్య నోరీన్ లోపల వంటింట్లో ఉంది.

"తుడిచిందే ఎన్నిసార్లు తుడుస్తావురా హార్లన్? గాజు అరిగిపోతుంది."

"దుమ్మురా. ఆ బొగ్గు లారీలు... కాఫీ పొయ్యనా?"

"పొయ్యి. ఆ కాయితం ఏదిరా?"

"ఏ కాయితం?"

"లైబ్రరీలో ట్రైనింగు పెట్టి ఇచ్చారుగా గవర్నమెంటువాళ్ళు. మన మధ్యే పుట్టి పెరిగే టెర్రరిస్టుల్ని ఎలా పసిగట్టాలో, పదకొండు గుర్తులు. నవ్వుకోడానికి ఇక్కడ గల్లాపెట్టె మీద అంటించావు."

"ఓ, అదా? చింపి పారేశా."

"ఎప్పుడు?"

"మొన్న... ఎప్పుడో. ఆ చెత్తంతా ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? ఇదిగో, తాగు. వేడిగా ఉంది."

"నాకు గుర్తుందిలే. ఆ కుర్ర ఆఫీసరు టై సర్దుకుంటూ ఒక్కొక్కటే చదువుతుంటే మనం వెనక వరసలో కూర్చుని వేళ్ళు మడిచాం. కార్డు గీకకుండా నోట్లిచ్చి కొనేవాడు, ఒకటి. సర్కారు మీద పళ్ళు నూరేవాడు, రెండు. సీసాల్లో, డబ్బాల్లో తిండి దాచుకునేవాడు, మూడు..."

"మన పాస్టరుకే ఆరొచ్చాయి."

"నాకు తొమ్మిది. నువ్వు లేచి నిలబడి అరిచావు కూడా. 'ఆఫీసరుగారూ, దొంగ దొరికాడు, బేడీలు తెచ్చారా?' అని."

"హాలంతా నవ్వింది."

"అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. తరవాత వాళ్ళు, ఎవరిమీదైనా అనుమానం వస్తే చెప్పమని ఫోన్ నంబరు ఇస్తుంటే నువ్వేమన్నావో గుర్తుందా? 'తుపాకీ ఉన్న ప్రతివాణ్ణీ దొంగలా చూస్తారేంటయ్యా? నా కొట్లోంచి ఒక్క పేరు కూడా గడప దాటదు' అన్నావు. చప్పట్లు కొట్టారు జనం. నేను ఈల కూడా వేశా."

"పాత సంగతులు ఇప్పుడెందుకురా?"

"పాతవా? సెప్టెంబరులోవేగా."

"ఎమ్మెట్... బెర్నీస్ ఎలా ఉంది?"

"మా ఆవిడ మంగళవారం నుంచి గడప దిగట్లేదు."

"బేడీలు వెయ్యలేదని విన్నా."

"వెయ్యలేదులే. మర్యాదగానే మాట్లాడారు. తెల్లారకముందే ఎనిమిది మంది వచ్చారు. సోదా అయ్యేదాకా లోపల ఎవరూ ఉండకూడదని మా ఆవిణ్ణి నైటీ మీదే వాకిట్లో నిలబెట్టారు. ఆ మంచులో. 'బాబూ, ఓవెన్లో రొట్టెలు మాడిపోతున్నాయి, కట్టేసి వస్తాను' అంటే కూడా కదలనివ్వలేదు. కింద గదిలో ఆవిడ పెట్టుకున్న పీచ్ పళ్ళ సీసాలు ఒక్కోటీ పైకెత్తి ఫొటోలు తీశారు. ఎదురింటివాళ్ళు కర్టెన్లు పక్కకి లాగి చూస్తూనే ఉన్నారు."

"అయ్యో."

"నలభయ్యేళ్ళు ఈ ఊరి పిల్లల్ని స్కూలు బస్సులో తిప్పానురా. వచ్చినవాళ్ళలో ఒకడు నా బస్సెక్కినవాడే. నా మొహంలోకి చూడలేకపోయాడు, పాపం. నువ్వూ చూట్టంలేదు."

"చూస్తున్నాగా."

"బల్లని చూస్తున్నావు."

"హార్లన్! ఎమ్మెట్ గొంతేనా అది? ఆగు ఎమ్మెట్, వెళ్ళిపోకు. బెర్నీస్‌కని మొక్కజొన్న రొట్టె చేశా."

"నీకెందుకు శ్రమ నోరీన్?"

"శ్రమేంటి నా మొహం! ఈ పాడు పని చేసిందెవడో తెలిసిందా? వాడి నోట్లో మన్ను పడ! మా ఆయనకి నాలుగు రోజులుగా ముద్ద దిగట్లేదు తెలుసా? నీ గురించే బెంగ."

"అలాగా."

"నోరీన్, నువ్వు లోపలికెళ్ళు."

"ఎందుకెళ్ళాలి? తప్పేమన్నాను? ఎదురుగా వచ్చి 'ఏంటి ఎమ్మెట్ సంగతి?' అని నోరారా అడిగితే వాడి సొమ్మేం పోయింది? చాటుగా ఫోన్ చేసి చాడీలు చెప్తాడా? కట్టుకున్న పెళ్ళానికి మొహం ఎలా చూపిస్తున్నాడో ఆ దౌర్భాగ్యుడు!"

"లోపలికెళ్ళమన్నానా!"

"అబ్బో, నా మీద అరుస్తావేం? వెళ్తాలే. రొట్టె మూట కట్టి తెస్తా, చెప్పకుండా వెళ్ళకు ఎమ్మెట్."

"మంచి మనిషి నోరీన్."

"ఊఁ."

"ఆవిడకి తెలీదన్నమాట."

"ఏంటి తెలీంది?"

"ఏదోలే. కాఫీ చేదుగా ఉంది."

"రెండు చెంచాలు వేశానే. ఉండు, ఇంకో చెంచా..."

"వద్దు, కూర్చో. వాళ్ళు అడిగినవాటిలో ఒకటి చెప్తా విను. 'మీ దగ్గర థర్టీఫైవ్ సైజు తుపాకీ లేదు. మరి థర్టీఫైవ్ తూటాలు అన్నన్ని ఎందుకు కొన్నారు? తుపాకీ ఎక్కడ దాచారు?' అన్నారు. గోడలు కొట్టి చూశారు, ఆ తుపాకీ కోసం. నా దగ్గర ఏ సైజు తుపాకీలున్నాయో ఊళ్ళో ఎవడికి తెలుసురా? శుక్రవారం శుక్రవారం నేను రెండేసి పెట్టెలు పట్టుకెళ్ళేది ఎవడు చూశాడు?"

"ఎవరైనా... దార్లో పోయేవాడు..."

"దార్లో పోయేవాడికి సంచిలో ఉన్న తూటా సైజు తెలుస్తుందా హార్లన్?"

"నేనేరా."

"ఏంటి?"

"నేనే. ఫోన్ చేసింది నేనే. అడిగానురా నిన్ను! ఒకసారి కాదు, రెండుసార్లు అడిగా, ఇవెందుకురా నీకు అని. నువ్వేమో మొహం తిప్పుకుని 'అవసరపడతాయిలే' అన్నావు. అడిగితే మాట దాటెయ్యడం, అది నాలుగో గుర్తు. నవ్వుకోడానికి అంటించిన కాయితమేరా. కానీ రోజూ కళ్ళబడుతుంటే, నువ్వు తలుపు తోసుకుని వచ్చినప్పుడల్లా నాకు తెలీకుండానే వేళ్ళు మడవడం మొదలెట్టా. మీ తమ్ముడు పోయాక నువ్వు ముభావంగా ఉంటున్నావు, క్లబ్బుకి రావడం మానేశావు... రేపేదైనా జరిగితే, అమ్మినవాణ్ణి నేనేగా అని వణుకొచ్చింది."

"ఊఁ."

"పేరు చెప్పక్కర్లేదన్నారు. చెప్పలేదు. నాది చెప్పలేదు. నీది చెప్పా. సిగ్గుతో చచ్చిపోతున్నానురా. తిట్టరా ఎమ్మెట్. కొట్టు. ఏదో ఒకటి అను."

"ఏమనమంటావు? నీ నోటితో చెప్తావా లేదా చూద్దామనే వచ్చా. చెప్పావు."

"మరి నువ్వూ చెప్పు. ఆ తుపాకీ నీకు లేదుగా. ఎందుకు కొన్నావురా?"

"ఒక్క పెట్టె కూడా విప్పలేదు. అన్నీ తిరిగిచ్చేశారు. బండిలో ఉన్నాయి, దించేసి పోతా."

"అది కాదురా నేనడిగేది."

"జూలైలో ఇక్కడే, ఈ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చావు. హైవే మీద పెద్ద షాపు పెట్టాక మనిషి రావట్లేదు, క్రిస్మస్ దాకా లాగలేను అన్నావు. సాయం చేస్తానంటే మీదపడి కరిచావు. నేనింకా నీ దగ్గర ముష్టెత్తుకునేంతవాణ్ణి కాలేదన్నావు."

"అన్నాను."

"అని ఆ పై అర చూపించావు. 'చూడరా, తాత కాలం సైజు. ఈ థర్టీఫైవ్‌లు పన్నెండేళ్ళుగా ఒక్కడూ కొనట్లేదు' అన్నావు."

"ఎమ్మెట్..."

"అందుకని అవే కొన్నా."

"ఇదిగో రొట్టె, వేడిగా ఉండగానే ఇవ్వు బెర్నీస్‌కి. అదేంటి, హార్లన్, ఆ కళ్ళనీళ్ళేంటి? ఎమ్మెట్, ఏమైంది? తెలిసిందా ఏంటి, ఆ ఫోన్ చేసినవాడెవడో?"

"తెలిసింది నోరీన్. ఎవడోలే. మనకి తెలిసినవాడు కాదు."