గడ్డం ఆనిస్తే పలికే గిటారు

దేవసహాయం ఉన్నాడే, రేపల్లె పక్క ఊళ్లో చర్చిలో గిటారు వాయించేవాడు, ఆయనా, ఆయన బావమరిది ఏసోబూ వయసులో ఉండగా మద్రాసెళ్లారంట. మూతబడ్డ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర చెరొక కరెంటు గిటారు కొనుక్కొచ్చారు. ఒకే కంపెనీ, ఒకే ఎరుపు. దేవసహాయంది అరవై మూడు మోడలు, ఏసోబుది అరవై నాలుగు. తేడా ఏందంటారా? ఒకదాని మెడ కాస్త లావు, ఇంకోదాని మెడ కాస్త సన్నం. ఆ కాస్తకే నలభై ఏళ్లు పోట్లాడుకున్నారు. "నాది తేనెరా, నీది రేకు డబ్బా" అని ఈయన. "నీ తేనెకి చీమ కూడా రాదు బావా" అని ఆయన. మధ్యలో కరుణమ్మ, ఒకరికి పెళ్లాం, ఒకరికి అక్క, "పొయ్యిలో పెడితే రెండూ ఒకేలా మండుతయ్యి" అనేదంట.

ఏమైందంటే, ఈస్టరు ముందు దేవసహాయం గిటారు గొంతు పోయిందనుకోండి. తీగలు మార్చాడు, సౌండు బాక్సు మార్చాడు, ఊహూఁ. ఆదివారం ప్రార్థన అవ్వగానే లేచి, తీగల కింద మోత పట్టే అయస్కాంతం ముక్క ఉంటుందే, అది ఏసోబు పీక్కుపోయి తనది పెట్టాడు, తేలేదాకా నేను పండక్కి వాయించను అన్నాడంట. జనం సంగతి తెలుసుగా, అన్నాలు మానుకుని మరీ కూర్చున్నారు. ఏసోబుకి ఒళ్లు మండి, రెండు గిటార్లూ తెచ్చి బావ ముందు పెట్టాడు. ఈయన ఇది వాయించాడు, అది వాయించాడు, "రెండూ మూగవే" అన్నాడు. ఇంతలో వెనకనించి కరుణమ్మ, "లెగవయ్యా, కూర చల్లారిపోతంది!" అని కేకేసింది. చర్చంతా నవ్వింది. దేవసహాయం తల కూడా తిప్పలా.

ఏసోబు నవ్వు ఆగిపోయింది. నీకు చెవులు పోయినయ్యి బావా అన్నాడంటే ఆ మనిషి మళ్లీ జన్మలో గిటారు ముట్టడు. దగ్గరికెళ్లి, చెవిలో నోరు పెట్టినట్టే పెట్టి, "నిజమే బావా, నేనే మార్చా. నీదాంట్లో ఉన్నది నా అరవై నాలుగుది. మొండిది, చెక్కకి గడ్డం ఆనిస్తే గానీ పలకదు" అని అరిచాడంట. దేవసహాయం గడ్డం ఆనించాడు. తీగ మీటాడు. మోత ఎముకలోంచి లోపలికి పోయిందో ఏమో, ముసలాడి మొహం పసిపిల్లాడి మొహం అయిపోయింది. "మళ్లీ మార్చి పెట్టనా బావా?" అంటే, "వద్దులేరా, నీదే బాగుంది" అన్నాడంట.

చూశారా, నలభై ఏళ్ల తగువు ఏసోబు అట్టా గెలిచాడు, దొంగ అనిపించుకుని. ఆ ఈస్టరుకి దేవసహాయం గడ్డం ఆనించే వాయించాడు. ఇప్పుడక్కడ కుర్రాళ్లంతా అట్టాగే వాయిస్తారు. చెవులు బానే ఉన్నయ్ కదరా అంటే, పద్ధతంట.