నాగదుర్గ విగ్రహం

కొత్తపేటలో విగ్రహాలు చేసే ఆయన తడిగుడ్డ తీసి మట్టి నమూనా చూపించాడు. పోయినేడు చనిపోయిన కూతురు నాగదుర్గ మళ్లీ ఎదురుగా నిలబడేసరికి, నరసాపురం నుంచి వచ్చిన తల్లి దగ్గరికెళ్లి తల నుంచి పాదాల దాకా చూసింది.

“పోలిక కుదిరిందా అమ్మా?”

“మొహం దానిదేనండి. చీర కట్టారేంటి?”

“సినిమాల్లో అలాగే కనిపించారు కదా. విగ్రహం పెట్టిస్తున్న కమిటీవాళ్లు అదే అడిగారు.”

“నటన కూడా బాగానే చేసిందండి. కానీ స్కేట్‌బోర్డు మీద దేశం తరఫున ఆడాకే సినిమావాళ్లు పిలిచారు. నిక్కరు, టీషర్టు వేసి బోర్డు మీద నిలబెట్టండి.”

“మోకాళ్లు కనబడితే ఊళ్లో ఏమైనా అంటారేమో అమ్మా.”

“అది బతికుండగానే అన్నారండి. ఆగిందా? చేపల రేవు గచ్చు మీద నేర్చుకుంటూ పడ్డ మచ్చలున్నాయి మోకాళ్లకి, అవి కూడా పెట్టండి. మేకప్‌తో కప్పుతామంటే షూటింగులోనే ఒప్పుకోలేదు.”

ఆయన చీర కుచ్చిళ్లు చెక్కేయడం మొదలుపెట్టాడు. ఆవిడ పక్కనే నిలబడి చూస్తోంది.

“మీ ఊళ్లో విగ్రహం చుట్టూ కంచె ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా?”

“కంచె వద్దండి. నున్నగా గచ్చు చేయించమనండి. మా పేటలో ఆడపిల్లలు ఇప్పుడు బోర్డులెక్కి తిరుగుతున్నారు. వాళ్లకి చోటుండాలి.”