మూడో సిలిండరు దగ్గు

నేరేడుచర్ల శివారు. రోడ్డు పక్కన ఆగిన పాత తెల్ల కారు. కారు యజమాని కాటయ్య, ఆయన భార్య సోమమ్మ, మిర్యాలగూడ నుంచి బైకు మీద వచ్చిన మెకానిక్ హేమ్లా. హేమ్లాకు కాటయ్య కాక, సోమమ్మ చిన్నమ్మ.

"ముందుగాల ఛాయ్ తాగు హేమ్లా. గా బానెట్ ఏడికి పోదు."

"ఛాయ్ తర్వాత తాగుత చిన్నమ్మ. జర పక్కకు జరుగు. బానెట్‌కే ఆనుకోని నిలవడ్డవ్."

"ఎండల వచ్చినవ్ బిడ్డా. నీళ్ళన్న తాగు."

"నీళ్ళు తాగిన. కాక, నువ్వన్న చెప్పు చిన్నమ్మకు."

"నేనేం చెప్పాలెరా. ముందు నా మాట ఇను. ఇయ్యాల గిట్ల తప్పు దొర్కకపోతే సీదా కోదాడ పోయి ఆడి మెకానిక్ వెంకట్‌కు సూపెడ్త. ఎట్లైనా గటే పోతున్నం. వియ్యంకుల కొత్తింట్ల పాలు పొంగిచ్చేదుంది. వెంకట్ అయితే కంప్యూటర్ పెట్టి సూస్తడంట."

"పెడ్తడు. ఏడ పెడ్తడు? నీది ఇరవై ఆరేండ్ల బండి కాక. కంప్యూటర్ గుచ్చుటానికి దీనికి బెజ్జమే లేదు. దీనికి చెవి పెట్టాలె."

"నాలుగు నెలల సంది చెవే పెడుతున్నవ్ గద."

"చెవే పెట్టిన్నా? ప్లగ్గులు మార్చిన. సూర్యాపేట నుంచి కాయిల్ తెప్పిచ్చి ఏసిన. కార్బరేటర్ ఇప్పి కడిగిన. పెట్రోల్ ట్యాంకి దించి రెండ్రోజులు ఎండబెట్టిన. నా షెడ్డుల ఉన్నంతసేపు సక్కగ పాడ్తది. నువ్వు రోడ్డెక్కంగనే దగ్గుతది. మిర్యాలగూడల నాకేం పేరు పెట్టిన్రో ఎరుకనా?"

"ఎరుకే. ఇంజన్ గిట్ల దగ్గుడును మిస్సింగ్ అంటరు గద. మిస్సింగ్ హేమ్లా."

"నువ్వు గూడ అంటవా?"

"నువ్వే అడిగితివి గద."

"మా ఇంటిదానికి గూడ తెలిసింది. నిన్న కూరల ఉప్పు తక్కువైందంటే, ముందుగాల గా కారుల ఏం తక్కువైందో సూసి రాపో అన్నది. ఇరవై ఏండ్ల సర్వీసు కాక. ట్రాక్టర్లు లేపిన, లారీలు లేపిన. గీ ఒక్క బండి నా పరువు తీస్తుంది. ఇయ్యాల ఎట్లనన్న దొర్కాలె. చెప్పు, ఎట్ల దగ్గుతది?"

"ఇంజన్ల మూడు గొర్రెలున్నయనుకో."

"సిలిండర్లు."

"అవే. రెండు సక్కగ నడుస్తయి. మూడోది టక్కున ఆగుతది, తుమ్ముతది, మల్ల ఉరికొచ్చి రెండిట్ల కలుస్తది. నలభై ఏండ్లు మంద ఎంబడి తిరిగినోన్ని. ఏ గొర్రె దగ్గిందో కండ్లు మూసుకోని చెప్తా."

"ఎప్పుడు దగ్గుతది? పొద్దుగాలనా, ఎండెక్కినంకనా?"

"దానికో లెక్క లేదు. గుంతల పడితే దగ్గుతది. ఒక్కోసారి ఉత్తగ గూడ దగ్గుతది. నీ షెడ్డుకాడ మాత్రం, ఈమె దిగి దండం పెట్టంగనే సల్లవడ్తది."

"ఏం దండం?"

"ఏం లేదు బిడ్డా. గీ మనిషి మాటలు."

"నా మాటలేంది? షెడ్డు అవతలి మలుపుకాడ బండి ఆపిస్తది. నన్ను పాన్ డబ్బాకు తోలుతది. బానెట్ లేపి ఇంజన్‌కు మొక్కుతది. నాకు బానెట్ లేపుడు రాదు, ఈమెనే నేర్సింది. గంత భక్తి."

"ఇంజన్‌కు మొక్కుతవా చిన్నమ్మ?"

"అన్నం పెట్టేదానికి మొక్కద్దా?"

"ఇది ఏడ అన్నం పెడ్తుంది? పెట్రోల్ తాగుతుంది. మరి ఇయ్యాల మొక్కలేదా?"

"ఏడ మొక్కనిచ్చిండు? నువ్వు వచ్చేదాక ఈయన బండికాడి నుంచి కదల్లే."

"అయితే నేనే లేపుత. జరుగు."

"టైరు సూడు బిడ్డా. నాకు టైరు మీదనే అనుమానం."

"టైరు తుమ్మదు చిన్నమ్మ."

"అయితే పొగగొట్టం సూడు."

"సోమమ్మా, జరుగవే. వానికి పని చేతనైతదో లేదో, చెయ్యనియ్యి."

"చేస్తా కాక, చేస్తా. ఆ. లేసింది. ఇగో, ఇదేంది?"

"ఏది?"

"ఇది. ప్లగ్గు వైర్ల నడుమ యాలాడుతుంది. నిమ్మకాయ. కింద ఏడు మిరపకాయలు. ఇనుప తీగెకు గుచ్చింది."

"నిమ్మకాయనా? ఇంజన్లనా? సోమమ్మా?"

"దిష్టికి కట్టిన. అందరు కడ్తలేరా?"

"అందరు బండి ముందట కడ్తరు. లోపట ఎవరు కడ్తరే?"

"ముందట కడ్తే నీ మేకలు ఉంచుతున్నయా? మూడు శనివారాలు కట్టిన. మూడు తిన్నయి. మిరపకాయలతోటి సహా తిన్నయి. దారం గూడ మిగల్లే. గందుకే తీగెకు గుచ్చి లోపట కట్టిన."

"మేకలు మిరపకాయలు తింటయా?"

"గా నల్ల మేకపోతు తింటది. దానికి నీ బుద్ధే."

"కాక, మేకను పక్కకు పెట్టి ఇటు సూడు. ప్లగ్గుకు కరెంటు పోతెనే లోపట నిప్పు పడ్తది. నిప్పు పడితెనే సిలిండరు కొడ్తది. ఇగ బండి గుంతల ఎగిరినప్పుడల్లా ఈ నిమ్మకాయ ఊగుతుంది. తీగె పోయి వైరు మూతికి తగులుతుంది. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు తీగెకు దుంకి బాడీల కలుస్తుంది. నీ మూడో గొర్రెకు మేత అందుతలేదు. గంతే. షెడ్డుకు రాకముందే చిన్నమ్మ మొక్కుతున్న అని దీన్ని తీసి సంచిల ఏస్తది. ఇగ నేనేం సూడాలె? సక్కగున్న ఇంజన్‌ను నాలుగు నెలలు సూసిన."

"అంటే దిష్టి తగల్లేదా?"

"లేదు కాక. దిష్టి తీసేదే తగిలింది."

"ఓరి, ఎంత పని చేసినవే సోమమ్మా."

"ఆగు కాక, మట్టయ్యకు ఫోన్ చేస్త. మా షెడ్డు ముందటి ఛాయ్ దుకాణం ఆయన. హలో, మట్టయ్యా. దొర్కింది. ఆ, గా తెల్లకారుదే. నిమ్మకాయ. నవ్వకు, పూర్తిగ ఇను. ఇంజన్ల కట్టిన్రు. ఆ. నీ కాడ ఛాయ్ తాగేటోళ్ళందరికి చెప్పు. ఇయ్యాల సంది నన్ను హేమ్లా అనే పిలవాలె, ముందట ఏం తగిలియ్యద్దు. ఆ, పెట్టేస్తున్న."

"నేను స్టార్ట్ చేసి సూస్త, ఆగురా."

"చెయ్యి కాక. నిమ్మకాయ తీసి పడేసిన."

"అబ్బ. ఇను, హేమ్లా. మూడు నడుస్తున్నయి. ఒక్కటి గూడ కుంటుతలేదు."

"రైస్ మిల్లు దాక పోయి మలుపుకోని రా. గుంతలల్ల పోనియ్యి, తెలుస్తది."

"మెల్లగ పో. ఇంటున్నవా? మెల్లగ."

"పోతనే, పోత."

"పోయిండు చిన్నమ్మ. ఇగ పరేషాన్ కాకు. నీ తప్పేం లేదు, దిష్టికి కట్టినవ్."

"ఎంత పని చేసినవ్ హేమ్లా."

"ఏం చేసిన? బాగుచేసిన."

"బాగు చెయ్యమని నేను అడిగిన్నా? గా తీగె తగిలితెనే దగ్గుతదని నాకు మూడు నెలల సంది ఎరుకే."

"ఎరుకై గూడ కట్టినవా?"

"ఎరుకైనంకనే ఇంక గట్టిగ కట్టిన. మొదలు దిష్టికే. లోపట కట్టిన శనివారమే ఇంజన్ టక్ టక్ అన్నది. గా దినం మీ కాక మొదటిసారి బండిని నలభై స్పీడు దాటకుంట నడిపిండు. బాలింతను కూసోబెట్టుకున్నట్టు నడిపిండు. ఆయనకు దేనికి భయం లేదు బిడ్డా. లారీ అన్నా లేదు, పోలీసన్నా లేదు. ఇంజన్ దగ్గితే మాత్రం పాణం గిలగిల కొట్టుకుంటది."

"లేకుంటే జోరుగ తోల్తడా?"

"జోరుగనా? పోయిన వానకాలం త్రిపురారం కాడ ట్రాక్టర్‌ను దాటబోయి పొలంల దిగిండు. నాట్లేసే ఆడోళ్ళు పది మంది బండిని ఎత్తి రోడ్డు మీద పెట్టిన్రు. వాళ్ళకు హారన్ కొట్టి వచ్చిండు. గదే ఆయన వాళ్ళకు పెట్టిన దండం. కంటి ఆపరేషనై నెల గూడ కాలేదు అప్పటికి."

"రాకేష్‌తోటి చెప్పియ్యకపోయినవా? కొడుకు మాట ఇంటడు గద."

"కొడుకు తాళంచెవి దాసిండు. ఈయన గొర్రెల దొడ్డి తాళంచెవి పెట్టి స్టార్ట్ చేసిండు. నా మీద ఒట్టు ఏపిచ్చిన. ఒట్టేసిన దినమే మాపటికి రెండు లారీలను దాటిండు. అడిగితే, ఒట్టు ఒక్క లారీకేసిన అన్నడు."

"నవ్వొస్తుంది చిన్నమ్మ, ఏం అనుకోకు."

"నవ్వు. నాకు గూడ వస్తది. బండి దిగినంక వస్తది. అందుల కూసున్నంతసేపు కండ్లు మూసుకునే ఉంట. గా దినం నలభైల పోతుంటే కండ్లు తెరిసిన. పెండ్లయి ముప్పై ఎనిమిదేండ్లాయె. గీ తొవ్వ పక్కన ఏమున్నదో గా దినమే సూసిన. వడ్లు ఎండబోసిన్రు, కాలువల పోరగాండ్లు దుంకుతున్నరు. నాతోటి మాట్లాడుకుంట నడిపిండు. ఇంకో దిక్కు లేదు బిడ్డా నాకు. నాకు భయమైతది."

"మరి ఇప్పుడు నిమ్మకాయ కట్టరాదు. ఆయన సూసిండు. ఇగ రోజు బానెట్ లేపిచ్చి ఎతుకుతడు."

"ఇంకోటేమన్న చెయ్యరాదా? గా పెడల్ కింద ఏమన్న పెట్టు."

"పెడల్ కింద పెడితే తెలుసుకుంటడు. దగ్గు రావాల్నంటే ప్లగ్గు టోపి జర పైకి గుంజి పెడితే సాలు. గదే దగ్గు, గదే గొర్రె. కాని నేను చెయ్యను చిన్నమ్మ. బాగుచేసిన చేతితోటి చెడగొట్టుడా? ఇప్పుడే మట్టయ్యకు చెప్పిన. ఈపాటికి బస్టాండ్ దాక తెలిసి ఉంటది. నాలుగు నెలలకు నా పేరు నాకు వచ్చింది."

"నీ పేరు పోయినా మల్ల వస్తది హేమ్లా. గాయన పోతే నాకు మల్ల రాడు."

"గట్ల అనకు."

"అంటలేను, తియ్యి. నీ పని నువ్వు చేసినవ్."

"కాక మంచిగనే తోల్తడు. నేను గూడ చెప్తా. మెల్లగ వస్తడు, సూడు."

"గా హారన్ ఇనవడ్తుందా? గది మెల్లగ."

"ఓరి హేమ్లా. ఏం పోతుందిరా బండి. గాలిల పోతుంది. మిల్లుకాడ వడ్ల లారీని దాటిన. కోదాడ బస్సును దాటిన. అంబులెన్సును గూడ దాటిన."

"అంబులెన్సునా?"

"సైరన్ కొడుతనే ఉన్నడు, పోతలేడు. నేనెంతసేపు ఆగాలె? ఎక్కవే సోమమ్మా. ఇగ ఎట్లైనా పాలు పొంగకముందే ఆడ ఉంటం. ఏంది, కండ్లు అప్పుడే మూసుకున్నవ్? ఇంక ఎక్కనే లేదు."

"కాక, ఇంజన్ బంద్ చెయ్యి. ఒక్క నిమిషం."

"మల్లేంది?"

"ఏం లేదు. బానెట్ లేపుత. ఒక నట్టు బిగిచ్చిన్నో లేదో యాదికొస్తలేదు."

"జల్ది కానియ్యి."

"అయింది. ఇప్పుడు స్టార్ట్ చెయ్యి."

"చేస్తున్న. ఇదేంది? ఇదేందిరా? మల్ల తుమ్ముతుంది."

"తుమ్ముతుందా?"

"ఇనవడ్తలేదా నీకు? మూడోదే. ముందటికంటే ఎక్కువ కుంటుతుంది. నిమ్మకాయ తీసినవ్ గద?"

"తీసిన. నీ కండ్ల ముందటనే పడేసిన."

"అయితే తప్పు నిమ్మకాయది గాదా?"

"గాదు కాక."

"మరి ఇప్పుడు కోదాడ ఎట్ల పోవాలె?"

"పోతది. నలభై దాటనియ్యకు. దాటితే ఇంజన్ కూసుంటది, మల్ల లేవది. ఎవర్ని దాటకు, దాటేటోన్ని దాటనియ్యి. వెంకట్‌కు నేను ఫోన్ చేసి బండి సంగతంత చెప్తా. ఆయన గూడ నలభైయే అంటడు."

"బిడ్డా హేమ్లా..."

"ముందట కూసో చిన్నమ్మ, అద్దం దించుకో. గాలి వస్తది."

"ఆగే, నన్ను అడగనియ్యి. ఊరంత ఫోన్ల చెప్పుకున్నవ్ గదరా దొర్కిందని. నాలుగు నెలలైంది. ఇప్పుడన్న నిజం చెప్పు. దీంట్ల తప్పు ఏడున్నది?"

"నిజమే చెప్తున్న కాక. నాకు దొర్కలే."